పిల్లల ఆటకి నెలకి ఆరు వేలు: మానేస్తే అన్యాయం చేసినట్టా?

విజయనగరం నుంచి ఒక తల్లి మూడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. ఆమెకి ఐదేళ్ళు దాటిన బాబు, మూడేళ్ళు నిండిన పాప. బాబు ఒకటో తరగతి. పాపని వచ్చే జూన్‌లో బడిలో వెయ్యాలనుకుంటున్నారు. కంటోన్మెంట్ వైపు ఒక అపార్టుమెంట్లో, రెండో అంతస్తులో రెండు గదుల అద్దె ఇల్లు. భర్త పైడిభీమవరంలో మందుల కంపెనీలో షిఫ్టుల మీద పనిచేస్తారు. చేతికి వచ్చేది 34 వేలు. పెళ్ళికి ముందు ఈమె ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేవారు. ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నారు.

ఏడాది కిందట ఊళ్ళోని ఒక ఇండోర్ ప్లే ఏరియాకి పిల్లల్ని సరదాగా తీసుకెళ్ళారు. ఇప్పుడది నెలకి మూడుసార్లయింది. "పిల్లకి గంటకి 350, ఇద్దరికీ 700. తోడు వెళ్ళే పెద్దవాళ్ళకి 100. సాక్సులు మర్చిపోతే అక్కడే కొనాలి, రెండు జతలు 80. బయటికి వచ్చే దారిలోనే టోకెన్ల ఆటలు, తక్కువలో తక్కువ 200. జ్యూసో పాప్‌కార్నో 150. రానూ పోనూ ఆటో 120. ఎంత జాగ్రత్తగా ఉందామనుకున్నా 1,350 అవుతోంది" అని లెక్క రాశారు. ఇది కాక విశాఖలో ఉండే తోటికోడలు పిలిస్తే నెలకోసారి అక్కడి మాల్‌కి వెళ్తారు. దానికి ఇంకో 2,400. అన్నీ కలిపితే 6,450. జీతంలో దాదాపు ఐదో వంతు.

భర్త దండగ ఖర్చు అంటారు. చీపురుపల్లి దగ్గర పల్లెలో ఉండే అత్తగారు, "మా గుంటలు మట్టిలో ఆడీసి పెరగలేదేటి? ఇప్పుడేటి తక్కువైంది ఈలకి?" అంటారు. తోటికోడలేమో పిల్లలకి ఎక్స్‌పోజర్ ఉండాలంటారు. బాబు బడి నుంచి రాగానే "ఎప్పుడెళ్దాం" అని అడుగుతాడు, కాదంటే నేల మీద పడి ఏడుస్తాడు. వచ్చే నెలలో వాడికి ఆరు నిండుతాయి. క్లాసులో ఇద్దరు పిల్లల పుట్టినరోజులు ఆ ప్లే ఏరియాలోనే చేశారని తనకీ అక్కడే కావాలంటున్నాడు. పదిహేను మంది పిల్లలకి ప్యాకేజీ 12 వేలట.

ఉత్తరం చివర, అక్షరాలు చిన్నవి చేసి, మూడు సంగతులు రాశారు. కింద ఇంటావిడ దగ్గర నెలకి మూడు వేల చీటీ వేశారు, ఆ డబ్బు రెండు నెలలుగా ప్లే ఏరియాకే పోయింది, భర్తకి తెలియదు. రెండోది: "ఆయనకి నైట్ షిఫ్టు పడిన వారాల్లోనే ఎక్కువ వెళ్తాం. పొద్దున్న ఏడున్నరకి వచ్చి పడుకుంటే మధ్యాహ్నం రెండింటి దాకా నిద్ర చెడకూడదు. ఉన్నవి రెండు గదులు. సెలవు రోజు పిల్లల్ని ఎక్కడికి తీసుకుపోను?" మూడోది: "అక్కడ పిల్లలు ఆడుతుంటే నేను గంటసేపు కుర్చీలో కూర్చుంటాను. వారం మొత్తంలో నేను కూర్చునేది ఆ గంటే."

మానేస్తే పిల్లలకి అన్యాయం చేసినదాన్నవుతానా, పుట్టినరోజు అక్కడే చెయ్యాలా అని అడుగుతున్నారు.

అమ్మా,

మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు ఇది డబ్బు గొడవ అనుకున్నాను. చివర్లో నైట్ షిఫ్టు మాట దగ్గరికి వచ్చాక వెనక్కి వెళ్ళి మొత్తం మళ్ళీ చదివాను. మాటవరసకి రాసినట్టు రాశారు గానీ, నాకు అసలు సంగతి అక్కడే కనిపిస్తోంది.

రాత్రంతా పనిచేసి వచ్చిన మనిషికి పగటి నిద్ర కావాలి. రసాయనాల మధ్య, యంత్రాల మధ్య చేసే పని అది. నిద్ర చాలక మళ్ళీ రాత్రికి వెళ్తే ప్రమాదం. అందుకని ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి. మూడేళ్ళ పిల్లని చప్పుడు చెయ్యకుండా కూర్చోమంటే పది నిమిషాలు కూర్చుంటుంది, పదకొండో నిమిషంలో గిన్నె కింద పడేస్తుంది. మీరు దాని నోరు నొక్కి, బాబుని కసిరి, చివరికి చెప్పులు వేసుకుని ఇద్దరినీ తీసుకుని బయటపడుతున్నారు. అంటే ఆ 1,350 పిల్లల ఆటకే కాదు, మీ ఆయన నిద్రకి కూడా కడుతున్నారు. దండగ అంటున్న మనిషి ఆ ఖర్చు వల్లే పడుకోగలుగుతున్నారు. ఈ ముక్క ఆయనతో ఎప్పుడైనా విడమరిచి చెప్పారా? చెప్పినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. చెప్పలేదనే అనుకుంటున్నాను. ఆయన దృష్టిలో తను పడుకుని లేచేసరికి మీరు ముగ్గురూ షికారు చేసి వచ్చారు, పర్సు ఖాళీ అయింది. అంతే.

మీరు కుర్చీలో కూర్చునే ఆ గంట కూడా ఈ లెక్కలోదే. అది రాయడానికి సిగ్గుపడి చివర్లో పెట్టారేమో. సిగ్గుపడాల్సిన పని లేదు. ఇద్దరు చిన్నపిల్లలతో, సాయానికి ఇంకో చెయ్యి లేకుండా, షిఫ్టులు తిరిగే ఇంట్లో వారానికి ఒక గంట కూర్చోవాలనుకోవడం ఎంత చిన్న కోరిక! కాకపోతే ఆ గంటని 1,350 పెట్టి కొనకుండా దొరికించుకునే దారి ఉందేమో చూడాలి.

ఇక పిల్లల సంగతి. మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్నది "అన్యాయం" అనే మాట, అందుకని దాని గురించి కొంచెం వివరంగా చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదేళ్ళలోపు పిల్లల కోసం 2019లో కొన్ని సూచనలు ఇచ్చింది. మీ పాప వయసు పిల్లలు రోజుకి కనీసం 180 నిమిషాలు ఒళ్ళు కదిలించాలి, అందులో ఓ గంట ఆయాసం వచ్చేలా పరుగులూ గెంతులూ ఉండాలి అన్నారు. బాబు లాంటి ఐదేళ్ళు దాటినవాళ్ళకి రోజుకి సగటున గంట గట్టి ఆట. పాపకి రోజుకి మూడు గంటలంటే వారానికి 21 గంటలు. మీరు నెలకి మూడుసార్లు వెళ్తున్నారు కాబట్టి ప్లే ఏరియాలో దొరుకుతున్నది వారానికి గంట కూడా లేదు. ఆ గంట పోయినంత మాత్రాన అన్యాయమేమీ జరగదు. చూసుకోవలసింది మిగతా 20 గంటల సంగతి. అవి దొరికితే ఈ గంట ఉన్నా లేకపోయినా ఒకటే. దొరక్కపోతే ఎంత ఖరీదైన బాల్ పూల్ అయినా ఆ లోటు తీర్చలేదు.

అలాగని ప్లే ఏరియాలో ఏమీ లేదని నేను అనను. ఎక్కడానికి వల ఉంటుంది, జారుడుబల్ల ఉంటుంది, ట్రాంపోలిన్ ఉంటుంది, పడితే దెబ్బ తగలదు. మే నెల ఎండల్లో, ముసురు పట్టిన రోజుల్లో పిల్లలు గెంతడానికి అది మంచి చోటే. వాళ్ళూ ఊరికే అంత టికెట్ పెట్టలేదు. అద్దె, ఏసీ కరెంటు బిల్లు, మనుషుల జీతాలు పిల్లలు వచ్చినా రాకపోయినా తప్పవు. సోమవారం నుంచి గురువారం దాకా ఖాళీగా ఉన్నదంతా ఆదివారం రాబట్టుకోవాలి. అందుకే చాలాచోట్ల మామూలు రోజుల్లో రేటు తక్కువ ఉంటుంది. మీరెళ్ళే చోట అడిగారో లేదో ఉత్తరంలో రాయలేదు.

మీ అత్తగారి మాటకి వద్దాం. మట్టిలో ఆడి పెరగలేదా అన్నదాంట్లో సగం నిజం ఉంది. తొక్కుడుబిళ్ళకి పెంకుముక్క చాలు, ఏడు పెంకులాటకి గుడ్డ బంతి చాలు. కానీ ఆవిడ పిల్లల్ని పెంచినప్పుడు ఇంటి ముందు వీధి ఉంది, ఆ వీధిలో బళ్ళు తిరగలేదు, అరుగు మీద ఎవరో ఒక పెద్దామె కూర్చుని అందరి పిల్లల మీదా ఓ కన్ను వేసి ఉంచేది. మీ దగ్గర ఉన్నది రెండో అంతస్తు మెట్లు, కింద స్కూటర్లు పెట్టే జాగా, గేటు దాటితే ఆటోలు. నేను అంగన్‌వాడీలలో చాలా ఏళ్ళు పనిచేశాను. పల్లె పిల్లలూ పట్నం పిల్లలూ ఒకేలా గెంతుతారు. తేడా అల్లా వాళ్ళని చూసే కళ్ళు ఎన్ని ఉన్నాయన్నదే. పల్లెలో పది జతల కళ్ళు ఉంటే మీ ఇంట్లో ఒక్క జతే ఉంది. ఆవిడ అన్న మాటకి నొచ్చుకోకండి, అలాగని ఆ మాట పట్టుకుని మిమ్మల్ని మీరు తక్కువ చేసుకోనూ వద్దు.

ఇప్పుడు దారులు చూద్దాం. ఏదీ చిక్కు లేని దారి కాదు, ఆ చిక్కులు కూడా చెబుతాను.

పూర్తిగా మానెయ్యడం ఒకటి. డబ్బు మొత్తం మిగులుతుంది. బాబు రెండు మూడు వారాలు బాగా ఏడుస్తాడు, తరవాత తగ్గుతాడు. అయితే మధ్యలో ఒక్కసారి, వాడి ఏడుపు భరించలేక తీసుకెళ్ళారా, ఎంత ఏడిస్తే పని జరుగుతుందో వాడికి తెలిసిపోతుంది. తరవాతి ఏడుపు అంతకంటే పెద్దదవుతుంది. పైగా నైట్ షిఫ్టు సెలవు రోజు ఎక్కడికి వెళ్ళాలన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది. ఆ ప్రశ్నకి జవాబు లేకుండా మానేస్తే నెలలో మళ్ళీ మొదటికొస్తారు, లేదా ఇద్దరి చేతిలో ఫోన్ పెట్టి కూర్చోబెడతారు. రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలకి రోజుకి గంటకి మించి స్క్రీన్ వద్దని మన దేశంలోని పిల్లల డాక్టర్ల సంఘం కూడా చెబుతోంది. అందుకే ఉన్నపళంగా మానెయ్యమని నేను అనలేను.

తగ్గించి వెళ్ళడం ఇంకోటి. మీ ఆయనకి షిఫ్టు వారం వారం మారితే నైట్ షిఫ్టులో పడే సెలవు రోజులు నెలకి ఒకటో రెండో ఉంటాయి. ఆ రెండు రోజులే ప్లే ఏరియాకి అనుకోండి. మీ లెక్కలో టికెట్లు సగమే, మిగతా సగం చుట్టూ పెరిగిన ఖర్చు. సాక్సులు ఎప్పుడూ బ్యాగులోనే ఉండిపోవాలి, ఉతికి మళ్ళీ అందులోనే పెట్టెయ్యాలి. అన్నం తినిపించి తీసుకెళ్ళండి, మంచినీళ్ళు, అరటిపళ్ళు వెంట ఉంచుకోండి. లోపల తిననివ్వరు కాబట్టి బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని తినిపించండి. టోకెన్ల దగ్గర మాత్రం కచ్చితంగా ఉండాలి. అవి బయటికి వచ్చే దారిలో పెట్టడంలోనే ఉంది కిటుకు. అప్పటికి పిల్లలు అలిసిపోయి ఉంటారు, మీకు బేరమాడే ఓపిక ఉండదు. "ఈ రోజు టోకెన్లు లేవు" అని ఇంట్లో బయల్దేరేటప్పుడే చెప్పండి, గుమ్మం దగ్గర ఇంకోసారి చెప్పండి. ఎప్పుడైనా ఆ ఆటల కార్డు రీఛార్జ్ చేయిస్తే బ్యాలెన్స్ మిగిలేలా ఎక్కువ వేయించొద్దు. అందులో మిగిలిన 180 రూపాయలే మిమ్మల్ని మళ్ళీ అక్కడికి లాక్కుపోతాయి. ఇలా చేస్తే ఒకసారికి టికెట్లు 700, మీది 100, ఆటో 120, మొత్తం 920. రెండుసార్లకి 1,840.

నెలవారీ పాస్ తీసుకోమని కౌంటర్లో అంటారు. అది వారానికి రెండు మూడుసార్లు వెళ్ళేవాళ్ళకి గిట్టుబాటు. మీరు తీసుకుంటే కట్టిన డబ్బు పోతుందని ప్రతి ఆదివారం పరిగెడతారు, ప్రతిసారీ ఆటో, జ్యూస్ ఖర్చు వస్తుంది. మీకు వద్దనే నా అభిప్రాయం.

మూడో దారి నాకు ఎక్కువ నచ్చింది, కానీ మీకు కష్టం కూడా అందులోనే ఎక్కువ. రోజు తీరే మార్చుకోవడం. ఇప్పుడు మీరు పదకొండింటికి బయల్దేరుతున్నట్టున్నారు, ఆ ఎండలో ఏసీ గది తప్ప ఎక్కడికీ పోలేరు. అదే పిల్లల్ని ఆరింటికి లేపి, ఆయన వచ్చి పడుకునే ఏడున్నరకల్లా మీరు గడప దాటితే ఊరంతా మీదే. అయ్యకోనేరు గట్టు మీద నడవనివ్వండి, నీళ్ళ వైపు మీరుండాలి. అయోధ్య మైదానంలో బంతి ఇచ్చి వదలండి. రాజీవ్ స్టేడియంలో పొద్దున్న పరుగులు తీసేవాళ్ళని చూస్తే బాబు కూడా పరుగు లంకించుకుంటాడు. చిన్నదానికి రైల్వే స్టేషన్ చూపించండి. ప్లాట్‌ఫారం టికెట్ పది రూపాయలు, రెండు గంటలు ఉండొచ్చు. అటు హౌరా వైపు, ఇటు విశాఖ వైపు, రాయగడ వైపు బళ్ళు వస్తూ పోతూనే ఉంటాయి. గూడ్సు పెట్టెలు లెక్కపెట్టిస్తే పెద్దాడికి అంకెలు వాటంతటవే వస్తాయి. కానీ చెయ్యి మాత్రం వదలకూడదు, పసుపు గీత దాటకూడదు. పదిన్నరకి ఇంటికి చేరితే స్నానం, అన్నం, అలిసిపోయిన పాప నిద్ర. బాబుకి ముందు గదిలో రంగులో బొమ్మలో ఇచ్చి, "నాన్న లేచేదాకా మెల్లగా మాట్లాడుకుందాం" అనవచ్చు. రెండున్నర గంటలు ఆడి వచ్చిన పిల్లాడు ఆ మాట వింటాడు. ఆడనివ్వకుండా కూర్చోబెట్టిన పిల్లాడు వినడు. ఇందులో చిక్కేమిటంటే మీరు ఐదింటికి లేవాలి, ఆ కుర్చీ గంట పోతుంది. పాప పడుకున్నాక మీరూ పక్కన నడుం వాల్చండి. వంటగది మధ్యాహ్నం దాకా అలాగే ఉండనివ్వండి.

ఆయనకి వీక్లీ ఆఫ్ వచ్చిన రోజు నలుగురూ కలిసి దూరం వెళ్ళొచ్చు. రామతీర్థం పన్నెండు పదమూడు కిలోమీటర్లే, కొండ మెట్లు ఎక్కితే మీ బాబుకి ఏ క్లైంబింగ్ వల కంటే తక్కువ కాదు. చింతపల్లి తీరంలో ఇసుక ఉంది, కానీ అక్కడ ఇసుకలోనే ఆడించండి, పాదాలు తడిసే దాకా చాలు. మన సముద్రం లోపలికి లాగేస్తుంది, పెద్దవాళ్ళే పోతున్నారు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు కదా. ఆధార్ పట్టుకెళ్ళండి. పాపకి ఎలాగూ లేదు, బాబుకి అర టికెట్, ఆయనది ఒక్కటే పూర్తి టికెట్.

పాపని జూన్ దాకా ఇంట్లోనే ఉంచాలనుకోవడం ఎందుకో అర్థం కాలేదు. మామూలు రోజుల్లో కూడా ఆయన పగలు పడుకుంటే మీరు దాని నోరు నొక్కుతూనే ఉంటారు కదా. మూడేళ్ళు నిండింది కాబట్టి అంగన్‌వాడీలో వెయ్యొచ్చు. 1975లో మొదలైన ఈ కేంద్రాల్లో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి ఆటపాటలు, మధ్యాహ్న భోజనం ఉచితం. ఒక్కో కేంద్రం ఒక్కోలా ఉంటుంది, కొన్నిచోట్ల గది ఇరుకు. ముందు రెండు రోజులు వెళ్ళి చూడండి. టీచరు పిల్లలతో నేల మీద కూర్చుంటున్నారా, బాత్రూమ్ శుభ్రంగా ఉందా అని చూసి నచ్చితేనే వెయ్యండి. జూన్ దాకా అక్కడికి పంపినా మీకు రోజూ కొన్ని గంటలు దొరుకుతాయి. కుర్చీలో కూర్చునే గంట ఆదివారం దాకా ఆగక్కర్లేదు.

ఎదురింట్లో ఇద్దరు పిల్లలున్నారని, మాటలు అంతంత మాత్రమని ఒక వాక్యంలో రాసి వదిలేశారు. నేనైతే ఒక సాయంత్రం ఆ తలుపు కొడతాను. "మీ పిల్లలు ఒక ఆదివారం మా దగ్గర ఆడతారు, ఇంకో ఆదివారం మా పిల్లలు మీ దగ్గర" అని అడిగి చూడండి. వాళ్ళకి ఇష్టం లేకపోతే కాదంటారు, పోయేదేమీ లేదు. ఒప్పుకుంటే మాత్రం మీ వంతు ఎగ్గొట్టకూడదు, నలుగురు పిల్లల్ని చూసే రోజు మీకు చాలా బరువుగా ఉంటుంది. మొదటి రెండుసార్లు మీరూ అక్కడే కూర్చోండి. ఆ ఇంట్లో ఎవరెవరుంటారో తెలుసుకున్నాకే పిల్లల్ని వదలండి. ఇంత చిన్నపిల్లల విషయంలో మొహమాటం వద్దు. మేడ మీద ఆడించాలనుకుంటే పిట్టగోడ ఎత్తు చూసుకోండి. దాని పక్కన ఎక్కడానికి వీలుగా ఇటుకలూ డబ్బాలూ లేకుండా చెయ్యండి.

అత్తగారి ఊరు వెళ్ళడం కూడా ఒక దారే. నెలకో ఆదివారం మీరు ముగ్గురూ పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి వచ్చెయ్యండి. ఆవిడకి మనవల మీద హక్కు చూపించుకునే రోజవుతుంది, ఆయనకి నిద్ర. పిల్లల్ని ఒంటరిగా వదిలి రావడం మాత్రం ఆవిడ ఆరోగ్యం చూసి నిర్ణయించుకోండి. పరిగెత్తే మూడేళ్ళ పిల్ల వెనక మోకాళ్ళ నొప్పులతో పరిగెత్తలేరు, పల్లెలో నూతులూ చెరువులూ ఉంటాయి.

విశాఖ ప్రయాణం గురించి సూటిగా చెబుతాను. ఆ 2,400 పిల్లల కోసం ఖర్చు చేస్తున్నారని నాకు అనిపించలేదు. తోటికోడలి ముందు కాదనలేక చేస్తున్నారు. ఆవిడ చెడ్డవారని కాదు, వాళ్ళ జీతం వేరు. "ఈసారి మాల్ వద్దక్కా, పిల్లల్ని మా ఇంటికి తీసుకురా, గారెలు చేస్తాను" అని ఒకసారి అనండి. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంటే బాధే. నెలనెలా అప్పు చేసి ఆవిడతో సమానంగా నిలబడాలనుకుంటే ఎప్పటికీ తేలరు. చీటీ బాకీ తీరాక మూడు నెలలకోసారి వెళ్ళండి చాలు, ఆ పిల్లలతో మీ పిల్లలకి స్నేహం ఉండాలి కదా.

ఇక చీటీ. ఇక్కడ మీకు రెండు దారులున్నాయి. నేను చెప్పినట్టు ప్లే ఏరియా ఖర్చు 1,840కి తగ్గించి, బాకీ తీరేదాకా విశాఖ మాల్ ఆపేస్తే నెలకి 4,610 మిగులుతుంది. అందులో మూడు వేలు ఈ నెల చీటీకి, 1,610 పాత బాకీకి. నాలుగు నెలల్లో ఆరు వేలూ తీరిపోతుంది. ఆయనకి చెప్పకుండానే ఇదంతా చెయ్యొచ్చు. కానీ చీటీ నడిపే ఆవిడ కింద ఇంట్లోనే ఉన్నారు. ఆ మెట్ల మీద ఆయన రోజూ ఎక్కి దిగుతారు. ఏదో ఒక రోజు, "మీ ఇంటావిడ రెండు నెలలు ఆపేసిందండీ" అని ఆవిడ అంటే, అప్పుడు ఆరు వేల సంగతి వెనక్కి పోతుంది, ఇంకేం దాచావు అన్న ప్రశ్న ముందుకొస్తుంది. నాలుగు నెలలు మెట్ల మీద అడుగుల చప్పుడు విన్నప్పుడల్లా మీకు టెన్షనే.

చెప్పడమే మేలని నా ఉద్దేశం. ఎప్పుడు చెబుతారన్నది ముఖ్యం. నైట్ షిఫ్టు నుంచి వచ్చిన పొద్దున్న వద్దు, పిల్లల ముందు వద్దు. ఆఫ్ రోజు సాయంత్రం, పిల్లలు పడుకున్నాక, నాకు రాసిన లెక్కే ఒక కాగితం మీద రాసి ముందు పెట్టండి. దాచినందుకు తప్పు ఒప్పుకోండి. పిల్లల్ని బయటికి తీసుకెళ్ళినందుకు మాత్రం క్షమాపణ చెప్పకండి. "మీరు పడుకోవాలని తీసుకెళ్ళాను, నాకు ఇంకో దారి తోచలేదు, ఇప్పుడు ఈ దారులు కనిపిస్తున్నాయి, మీరేమంటారు" అని అడగండి. కోప్పడతారేమో. కోపం చల్లారాక ఆ కాగితం ఆయన మళ్ళీ చూస్తారు. వీక్లీ ఆఫ్ పొద్దున్న పిల్లల్ని రెండు గంటలు ఆయన మైదానానికి తీసుకెళ్ళాలని అప్పుడే అడగండి. ఆయనకి కూడా పిల్లలు మెలకువగా, నవ్వుతూ కనిపించే సమయం తక్కువే కదా. ఒకవేళ మీ భయం కేవలం కోపం గురించి కాకుండా చెయ్యి చేసుకుంటారనో, ఇంటి ఖర్చుకి డబ్బు ఆపేస్తారనో అయితే ఒంటరిగా చెప్పకండి, మీవాళ్ళు ఎవరైనా పక్కన ఉండగా చెప్పండి. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే ఏ సమయంలోనైనా మాట్లాడతారు. ఉత్తరంలో అలాంటి జాడ లేదు, అయినా చెప్పి ఉంచుతున్నాను.

పుట్టినరోజు మిగిలింది. 12 వేల ప్యాకేజీ తీసుకుంటే, పాత ఆరు వేలతో కలిపి 18 వేలు. నెలకి 1,610 చొప్పున తీర్చడానికి పదకొండు నెలలు దాటుతుంది. వాడి ఏడో పుట్టినరోజు గుమ్మంలో ఉంటుంది. అలాగని వాడి కోరిక మొత్తం కొట్టెయ్యాలని లేదు. ముగ్గురు స్నేహితులని వాడినే ఎంచుకోమనండి. మీ పిల్లలిద్దరు, ఆ ముగ్గురు, ఐదుగురికి మామూలు టికెట్లు 1,750, మీకూ మీ ఆయనకీ కలిపి 200. తరవాత ఇంటికొచ్చి కేకు, పులిహోర. మూడు వేలలో అయిపోతుంది. మామూలు రోజు రేటు తక్కువైతే బడి అయ్యాక సాయంత్రం వెళ్ళండి. మిగతా క్లాసుకి చాక్లెట్లు ఎలాగూ పంచుతారు. పిలవని పిల్లల తల్లుల్లో ఒకరిద్దరు ఏమైనా అనుకోవచ్చు, అది మీరు మోయాలి. ఈ మూడు వేలు కూడా కలిస్తే బాకీ తీరడానికి నాలుగు నెలలకి బదులు ఆరు నెలలు పడుతుంది, అది కూడా ఆ కాగితం మీద రాయండి. అదీ వద్దనుకుంటే అత్తగారి ఊళ్ళో చెయ్యండి, అక్కడ పిలవకుండానే ఇరవై మంది పిల్లలు వస్తారు. కానీ వాడి క్లాసు స్నేహితులు ఉండరు, ఆరేళ్ళ వాడికి ఆ రోజు కావలసింది వాళ్ళే.

ఏది ఎంచుకున్నా వాడికి ముందే చెప్పండి. ఐదేళ్ళవాడు "తరవాత" అంటే నమ్మడు, క్యాలెండర్ని నమ్ముతాడు. నా చిన్నతనంలో సిరిమాను పండగకి రంగులరాట్నం ఎక్కిస్తామని మా నాన్న చెప్పి, గోడ మీద బొగ్గుతో గీతలు గీసి, రోజుకో గీత చెరపమన్నారు. పండగ ముందు రోజు, తొలేళ్ళ నాటికి ఒక్క గీత మిగిలింది. ఆ గీత ఇప్పటికీ కళ్ళ ముందుంది. మీ వంటింటి క్యాలెండర్లో ప్లే ఏరియాకి వెళ్ళే రెండు రోజులకీ, పుట్టినరోజుకీ సున్నాలు చుట్టండి, స్కెచ్ పెన్ వాడికే ఇచ్చి చుట్టించండి. బడి నుంచి రాగానే "ఎప్పుడెళ్దాం" అంటే ఆ క్యాలెండర్ దగ్గరికి తీసుకెళ్ళి ఇంకా ఎన్ని గడులున్నాయో లెక్కపెట్టించండి. మొదటి వారం ఆ క్యాలెండర్ ముందే నేల మీద పడి ఏడుస్తాడు. పక్కన కూర్చోండి, తేదీ మాత్రం మార్చకండి.